చిన్నమ్మను చుట్టం చేద్దామనుకున్న రోజు

మా వంటింట్లో పై అరలో ఒక స్టీలు డబ్బా ఉంది. అది మాది కాదు. మూత మీద చుక్కలు చుక్కలుగా మా చిన్నాయన పేరు కొట్టించి ఉంది. వెనకటికి గిన్నెల దుకాణంలో ఏది కొన్నా పేరు కొట్టించుకునేవాళ్ళు, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోయిన గిన్నె మళ్ళీ మన ఇల్లు చేరాలని. ఇది మాత్రం చేరలేదు. బడంగ్‌పేటలో కొడుకు దగ్గర ఉంటున్న సత్తెమ్మ చిన్నమ్మకు దీన్ని తిరిగి ఇచ్చి రావాలి. ఎల్‌బీనగర్‌లోని మా ఇంటి నుంచి ఆమె ఇల్లు ఏమంత దూరం కాదు, షేర్ ఆటో ఎక్కితే చాలు. పొద్దున్నే టీ పొడి కోసం చెయ్యి పైకి చాపినప్పుడల్లా డబ్బా తగులుతుంది. ఇంకాస్త లోపలికి నెట్టి టీ పెట్టుకుంటాను. కొన్ని వారాలుగా నాకిదే పని అయింది.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. నల్లగొండ పక్కన మా ఊళ్ళో బడి ఏడో తరగతితో అయిపోయేది. ఆ పైన చదువు మానెయ్యమని ఇంట్లో పెద్దలంతా అంటుంటే, పెళ్ళయి పట్నం వచ్చిన చిన్నమ్మ ఒక్కతే నన్ను పంపించమని కబురు చేసింది. నాయన నన్ను దిల్‌సుఖ్‌నగర్ తీసుకొచ్చి, నా ట్రంకు పెట్టె గుమ్మంలో దింపి, మళ్ళీ మాపటి బస్సుకే వెళ్ళిపోయాడు. చిన్నాయన సిటీ బస్సు కండక్టరు. కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో కిరాయి ఇల్లు, మొత్తం కలిపి ఒకటిన్నర గది. ఆ అర గదిలో కిరసనాయిలు స్టవ్వు, బియ్యం డ్రమ్ము, మంచినీళ్ళ బిందె, దేవుడి పటాలు, వాటి కింద నేను. ఇప్పటికీ ఎక్కడన్నా కిరసనాయిలు వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. మా అమ్మాయికి చెబితే నవ్వుతుంది.

ఆ ఇంటిని చుట్టాలందరూ కలిసి లాడ్జి చేసుకున్నారు. దవాఖానకు వచ్చేవాళ్ళు, పెళ్ళి బట్టలకు వచ్చేవాళ్ళు, నౌకరీ పరీక్ష రాయడానికి వచ్చేవాళ్ళు, కోర్టు వాయిదాకు వచ్చేవాళ్ళు, ఊరికే ఇంట్లో అలిగి వచ్చేవాళ్ళు. ఊరి బస్సు ఎల్‌బీనగర్ చౌరస్తాలో దింపితే అక్కణ్ణించి సంచులు నెత్తిన పెట్టుకుని నడిచే వచ్చేవాళ్ళు కొందరు. గల్లీ మలుపులో చెప్పుల చప్పుడు విని ఇది ఫలానావాళ్ళని చిన్నమ్మ చెప్పేది. గుమ్మంలోకి రాకముందే చెంబుతో కాళ్ళకు నీళ్ళు ఇచ్చేది. అన్నం తింటావా అని ఆమె ఎవరినీ అడిగి ఎరగదు. అడిగితే మొహమాటానికి వద్దంటారని ఆమెకు తెలుసు. కంచం ముందు పెట్టేసి, "పప్పు ఏసుకుంటవా, పచ్చిపులుసు ఏసుకుంటవా?" అని మాత్రమే అడిగేది. ఎన్నాళ్ళుంటావన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ఒకసారి నేను నోరు జారి మా మేనత్తను ఎప్పుడెళ్తావని అడిగితే, నన్ను వంటగదిలోకి పిలిచి తొడపాశం పెట్టింది. అందరూ తిన్నాక, గిన్నె అడుగున మిగిలింది గిన్నెలోనే కలుపుకుని ఆమె తినేది. ఏమీ మిగలకపోతే, వండేటప్పుడు రుచి చూస్తూనే కడుపు నిండిందనేది. చారెడు పప్పు రుచి చూస్తే కడుపెట్లా నిండుతుందని అడిగే వయసు నాకప్పుడు ఉంది, కానీ అడగలేదు. నా కంచంలో ఉండేది కదా.

చుట్టాల కోసమని ఒక పూల దుప్పటి ఉండేది. మామూలు రోజుల్లో అది పెట్టెలో నాఫ్తలీన్ ఉండల మధ్య పడుకునేది, మేం గోనెసంచుల మీదా పాత చీరల మీదా పడుకునేవాళ్ళం. మా ఊరి మల్లయ్య తాత దవాఖానలో చూపించుకోవడానికి వచ్చినప్పుడు, నిద్రలో ఆ దుప్పటి తడిపేశాడు. మేమందరం లేచేసరికి దుప్పటి దండెం మీద ఆరుతోంది. మంచినీళ్ళ బిందె దించబోయి దుప్పటి మీద ఒలకబోశానని చిన్నమ్మ తన చేతులను తానే తిట్టుకుంటోంది. బిందె దించుకోవడం కూడా చేతకాదా అని చిన్నాయన కసురుకున్నాడు, తలొంచుకుని మాట పడింది. తాత మాత్రం తల ఎత్తుకుని చాయ్ తాగాడు. నేను పడుకునేది బిందె పక్కనే. అది నిండుగానే ఉంది. ఇంటికొచ్చిన మనిషి మొహం చిన్నబోకూడదు, దానికోసం తన మొహం ఏమైనా పరవాలేదు. ఇది ఆమె ఎవరికీ చెప్పిన సంగతి కాదు, చేస్తుంటే నేను చూసిన సంగతి.

మేడ మీద ఓనరమ్మ ఉండేది. కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. మనిషి చెడ్డది కాదు గానీ, నల్లా నీళ్ళ దగ్గర మాత్రం చాలా గట్టిది. నేను వచ్చిన కొత్తలో ఒకరోజు మెట్ల మీద నిలబడి, "ఏవమ్మా సత్తెమ్మా, మీ ఇంటికి ఈ రాకపోకలేవిటి? ఈ పిల్లెవరు, మళ్ళీ చుట్టమా? ఎన్నాళ్ళుంటుందేవిటి?" అని అడిగింది. నేను తలుపు వెనక్కి జరిగాను. ట్రంకు పెట్టె ఎత్తుకుని మళ్ళీ బస్సెక్కాలేమో, మళ్ళీ పేడకళ్ళు ఎత్తాలేమోనని భయపడ్డాను. చిన్నమ్మ చీపురు పక్కన పెట్టి, "చుట్టమెందుకైతది ఓనరమ్మా, మా పెద్ద బిడ్డ," అంది. చిన్నమ్మకు అప్పటికి పాతికేళ్ళు ఉంటాయో లేదో, నేనేమో భుజం దాకా పెరిగి ఉన్నాను. ఓనరమ్మ లోపల లెక్క వేసుకుని, మా చిన్నాయనకు మొదటి పెళ్ళాం ఉండేదని నిర్ణయానికి వచ్చింది. పాపం ఆయన్ని చాలా రోజులు అదోలా చూసింది. చిన్నమ్మ ఆ అనుమానం తీర్చలేదు. నేను ఆ ఇంట్లో ఉండి డిగ్రీ దాకా చదివాను, ఆ ఒక్క అబద్ధం మీదే.

ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, ఎల్‌బీనగర్‌లో ఫ్లాటు, కాలేజీలో తెలుగు పాఠాలు. నా పెళ్ళిలో చిన్నమ్మ వంటవాళ్ళ దగ్గరే ఉంది. నా ఇంటికి పిలిస్తే సోఫాలో కూర్చోదు, వంటింట్లో కింద కూర్చుని గోంగూర ఒలుస్తుంది. ఇన్నేళ్ళలో ఆమె ఎవరింట్లోనైనా ఒక్క పూట చుట్టంగా కూర్చోగా నేను చూడలేదు. అందుకని, నేను రిటైరైనప్పుడు మా అమ్మాయి మానస నగరానికి అవతలి వైపు ఒక పెద్ద హోటల్లో ఇద్దరికి ఒక రోజు గది బుక్ చేసి, "ఎప్పుడూ పొదుపేనా అమ్మా, ఒక్కరోజు రాణిలా ఉండు" అన్నప్పుడు, నాకు చిన్నమ్మే గుర్తొచ్చింది. మా ఆయనకు ఏసీ గిట్టదు, మెత్తటి పరుపు మీద నడుం పట్టేస్తుంది, ఆయన సంతోషంగా తప్పుకున్నాడు. మానస ఎంత కట్టిందో చెప్పలేదు. ఆ హోటల్ పేరు విని మా పక్కింటివాళ్ళు కళ్ళు పెద్దవి చేశారు, దాన్నిబట్టి ఊహించుకున్నాను. ఆ ఒక్కరోజు చిన్నమ్మ గిన్నె ముట్టుకోకూడదు, చీపురు చూడకూడదు, నలుగురు ఆమెకు సేవ చెయ్యాలి, అంతే నా కోరిక. ఈ కోరికలో కొంత గొప్ప కూడా ఉందని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు మాత్రం కృతజ్ఞత అనుకున్నాను.

కారు తీసుకుని బడంగ్‌పేట వెళ్తే చిన్నమ్మ ఇస్త్రీ నేత చీర కట్టుకుని, ఒళ్ళో ఈ స్టీలు డబ్బా పెట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది. దాని నిండా మురుకులు. దారిలో తినడానికేమో అనుకున్నాను. హోటల్లో అడుగుపెట్టగానే ఒక పిల్ల పళ్ళెంతో ఎదురొచ్చి బొట్టు పెట్టింది, చల్లటి తడి తువ్వాళ్ళు ఇచ్చింది, కూర్చోబెట్టి గ్లాసుల్లో ఏదో పళ్ళరసం ఇచ్చింది. చిన్నమ్మ ముఖం విప్పారింది. "జూసినవా, బొట్టు పెట్టిండ్రు, నీళ్ళిచ్చిండ్రు. పద్ధతి తెలిసినోళ్ళు," అంది. అని డబ్బా తీసి ఆ పిల్ల చేతుల్లో పెట్టి, "మీ అందరు తినుండ్రి బిడ్డా, నిన్ననే చేసిన," అంది. ఆ పిల్ల ఏం చెయ్యాలో తోచక నా వైపు చూసింది. నేను గబగబా ఇంగ్లీషులో, పల్లెటూరి మనిషి, ఏమీ అనుకోకండి అన్నాను. ఆ పిల్ల మాత్రం రెండు చేతులా డబ్బా అందుకుని దండం పెట్టింది. లిఫ్టులో చిన్నమ్మతో అన్నాను, "ఇది హోటల్ చిన్నమ్మా, డబ్బులు కట్టాం కదా, మనమేమీ ఇవ్వక్కర్లేదు." ఆమె, "హోటలని నాకెర్కలేదా? పైసలు గదికి కట్టినవ్. ఒట్టి చేతుల్తోని ఎట్ల పోతం?" అంది. యాభై ఏళ్ళుగా పట్నంలో ఉన్న మనిషి, ఆమెకు హోటలంటే తెలియక కాదు. ఆమె చుట్టంగా వెళ్ళింది, చుట్టాలు ఎట్లా వెళ్ళాలో అట్లా వెళ్ళింది. నేనే ఏదో కొనుక్కున్నదానిలా వెళ్ళాను.

గది ఎంత బాగుందో చెప్పకపోతే అన్యాయం. మా దిల్‌సుఖ్‌నగర్ ఇల్లులాంటివి రెండు ఆ స్నానాలగదిలో పట్టేవి. కిటికీ నిండా కొండరాళ్ళు, చప్పుడు లేని ఏసీ, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లటి దుప్పట్లు. చిన్నమ్మ చెప్పులు వరండాలో తలుపు పక్కన విడిచి లోపలికొచ్చింది. ఎవరన్నా చూస్తారని నేను వాటిని లోపలికి తెచ్చి బీరువా వెనక పెట్టాను. ఆమె నవ్వింది. వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెడితే చిన్నపిల్లలా కాళ్ళాడించింది. ఒళ్ళు తుడుచుకుని వచ్చి పరుపు మీద ఒక అంచున కూర్చుని, "మీ చిన్నాయిన ఉంటే బాగుండు," అంది. అప్పటికి నాకు తృప్తిగా ఉంది. అనుకున్నది అవుతోందనుకున్నాను. ఆ మాట అబద్ధం కాదు, ఆ సాయంత్రం నిజంగా బాగుంది. కానీ పొద్దున నేను లేచేసరికి ఆమె తన పక్క దుప్పటి నాలుగు మడతలు పెట్టి, తాగిన కప్పులు కడిగి బోర్లించింది.

టిఫిన్ల హాల్లోకి వెళ్ళాం. చిన్నమ్మ ఇడ్లీల్లో పెరుగు కలుపుకుని తిని, చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటోంది. మోచేతి దాకా పచ్చబొట్లు. పక్క బల్లల వాళ్ళు చూస్తున్నారో లేదో, నేను మాత్రం వాళ్ళు చూస్తున్నారా అని చూస్తున్నాను. అప్పుడే రాజ్యలక్ష్మి గారు ఎదురయ్యారు. మా కాలేజీలో నాతోపాటు పనిచేసిన ఇంగ్లీషు మేడం. పెద్ద ఇంటి మనిషి, నెమ్మదైన మనిషి. ఆమె ముందు నా నాలుక ఎప్పుడూ ఇస్త్రీ బట్టలు వేసుకునేది. స్టాఫ్‌రూములో ఆమె పక్కన కూర్చున్న ఇన్నేళ్ళలో నా నోట ఒక్క ఊరి మాట రాకుండా చూసుకున్నాను. ఆమె ఎప్పుడూ అలా కోరలేదు, నేనే కట్టుకున్న నియమం. "అరె, మీరేవిటండీ ఇక్కడ? మేం మనవడి ఫంక్షనని వచ్చాం," అంటూ కుర్చీ లాక్కుని, చిన్నమ్మ వైపు చూసి, "ఈవిడ ఎవరండీ?" అని అడిగారు.

ఎంతో సులువైన ప్రశ్న. మా చిన్నమ్మ అంటే సరిపోయేది. నేను, "మా ఊరావిడండీ. నాకు తోడుగా ఉంటుంది," అన్నాను.

అన్న మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు అనడానికి లేదు. తెలుసు. సాసర్లో చాయ్ చూసి వచ్చింది. రాజ్యలక్ష్మి గారు ఏ చెడ్డ ఉద్దేశం లేకుండా, "మంచి పని చేశారు, ఇలాంటి వాళ్ళకి కూడా ఒకసారి చూపించాలి," అని, చిన్నమ్మతో, "బావుందామ్మా? అమ్మగారు బాగా చూసుకుంటున్నారా?" అన్నారు. చిన్నమ్మ నా ముఖంలోకి చూడలేదు. సాసరు కింద పెట్టి, కొంగు భుజం మీదుగా లాక్కుని, లేచి నిలబడింది. "మంచిగ చూస్కుంటరమ్మా," అంది. తర్వాత నా కుర్చీకి తగిలించిన హ్యాండ్‌బ్యాగూ శాలువా తీసి తన చేతికి వేసుకుని, నా వెనక, గోడ పక్కన నిలబడింది. కూర్చోమని నేను అనాలి. రాజ్యలక్ష్మి గారు మనవడి గురించి చెబుతున్నారు, నేను తలూపుతున్నాను. ఆమె మాతో లిఫ్టు దాకా వచ్చారు. ఆ దారంతా చిన్నమ్మ నా బ్యాగు పట్టుకుని రెండడుగులు వెనక నడిచింది, నేను నడవనిచ్చాను. సగం తాగిన చాయ్ బల్ల మీదే చల్లారింది.

గదిలోకి వచ్చాక, "చిన్నమ్మా," అన్నాను. ఆమె సంచి సర్దుతూ, "జల్ది తయారుగా బిడ్డా, కారొస్తది," అంది. కింద, వెళ్ళేముందు, నిన్నటి పిల్ల డబ్బా తెచ్చి ఇచ్చింది. శుభ్రంగా కడిగి, తుడిచి, కాగితం సంచిలో పెట్టి. అందరం తిన్నామమ్మా, చాలా బావున్నాయి అంది. చిన్నమ్మ మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది. మా వైపు ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెర అయినా వేసి ఇస్తారు. ఆ పిల్లకు ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. చిన్నమ్మ ఆమె తల నిమిరి కారెక్కింది.

నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి రావాలి. చాదర్‌ఘాట్ దాటాం. దిల్‌సుఖ్‌నగర్లో మెట్రో స్తంభాల కింద కారు ఆగింది. మా గల్లీ మొదట్లో ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి కింద భుజాన బరువైన బ్యాగులతో ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళంతా హాస్టళ్ళలో ఉంటారు, వాళ్ళ కోసం ఎవరూ ఓనరమ్మతో అబద్ధం ఆడక్కర్లేదు. అది మంచిదే అనుకుంటాను. చిన్నమ్మ అటు చూస్తూ చూస్తూ, నెమ్మదిగా నా వైపు వంగి, డ్రైవరుకు వినపడకుండా అడిగింది. "ఆ మేడం ఏమన్న అనుకున్నదా బిడ్డా? నేనైతే ఎక్వ మాట్లాడలే."

నాకప్పుడు మల్లయ్య తాత దుప్పటి గుర్తొచ్చింది. దండెం మీద నీళ్ళు కారుతూ, పక్కన నిండు బిందె. ఆమె దృష్టిలో నేను తడిపేశాను, ఆమె ఉతికి ఆరేసింది, ఇక ఆ మాట లేదు. ఇప్పుడు నేను తల ఎత్తుకుని చాయ్ తాగాలి. తప్పయింది చిన్నమ్మా అని చెప్పి ఉంటే ఆమె పడ్డ పాట్లన్నీ వృథా అయ్యేవని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా సాకే. "ఏమీ అనుకోలేదు," అన్నాను. "గట్లనా, మంచిది," అని ఆమె వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

బడంగ్‌పేటలో ఇంటి ముందు కారు ఆగగానే పక్కింటామె గేటు దగ్గరికొచ్చింది. "ఏడికి పోయినవ్ సత్తెమ్మా, నిన్నటి సంది అగుపడలే?" అని అడిగింది. చిన్నమ్మ సంచి దించుకుంటూ, గల్లీ అంతా వినేటట్టు చెప్పింది. "మా పెద్ద బిడ్డ తీస్కపోయింది, పెద్ద హోటల్కు. పండవెట్టింది, తినవెట్టింది. మా బిడ్డకు పెద్ద పెద్దోళ్ళు దోస్తులున్నరు, ఆడ మాట్లాడవట్టిండ్రు." పక్కింటామె నావైపు చూసి దండం పెట్టింది. నేను కారులోనే కూర్చుని ఉన్నాను. తలుపు వెనక్కి జరిగిన ఆ పిల్లే నేను, మళ్ళీ ఆ మాట చాటునే దాక్కున్నాను.

మాపటికి మానస ఫోన్ చేసింది. "ఎలా ఉందమ్మా? అంత పెట్టినందుకు తగ్గట్టుందా?" అని అడిగింది. బిడ్డ ముచ్చటపడి చేసిన పని, బాగుందనే చెప్పాను. బాగుంది కూడా. ఆ పరుపు మీద నాకు చాలా కాలానికి హాయిగా నిద్రపట్టింది. ఆ హోటల్ అడిగిన డబ్బుకు చెయ్యాల్సిందంతా చేసింది, ఎక్కడా లోటు లేదు. ఒకటిన్నర గదిలో చిన్నమ్మ చేసినదానితో దాన్ని పోల్చడం హోటల్‌కే అన్యాయం. ఆ హోటల్ చిన్నమ్మకు బొట్టు పెట్టి లోపలికి పిలిచింది. లేపి గోడ పక్కన నిలబెట్టింది నేను. ఇంకోసారి వెళ్దామని మానస అంటోంది. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను మాట మారుస్తాను.

డబ్బా కారు సీటు కింద ఉండిపోయింది, ఇంటికొచ్చాక చూశాను. చిన్నమ్మ మరిచిపోయిందో, నేను మళ్ళీ రావాలని వదిలేసిందో చెప్పలేను. ఫోన్లో ఒకసారి అడిగింది కూడా, "డబ్బా నీ తాననే ఉన్నదా?" అని. ఉంది, తెస్తానన్నాను. మొన్న నువ్వుల లడ్డూలు చేశాను. డబ్బాలో సర్ది, మూత పెట్టి, చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాను. మళ్ళీ వెనక్కి వచ్చి లడ్డూలు తీసి వేరే గిన్నెలో పెట్టాను. మా ఆయన రెండు తిని, బెల్లం సరిపోయింది అన్నాడు. డబ్బా కడిగి, తుడిచి, పై అరలో పెట్టాను. ఖాళీగా ఇవ్వకూడదని ఆ హోటల్ పిల్లకు తెలియదు. నాకు తెలుసు.